అమెరికా నేషనల్ పార్కుల్లో షూట్ పెట్టుకుంటున్నారా? ముందు పర్మిట్ సంగతి తేల్చుకోండి

ప్రీ వెడ్డింగ్ షూట్‌కి గ్రాండ్ క్యాన్యన్ అంచు, హాఫ్ శారీ ఫోటోలకి యోసెమిటీ, వ్లాగ్‌కి ఎల్లోస్టోన్. అమెరికాలో ఉన్న మనవాళ్ల ప్లాన్లు వింటుంటే ముచ్చటేస్తుంది. కానీ "పర్మిట్ కావాలా?" అని వాట్సాప్ గ్రూపులో ఒక్కరు అడిగితే చాలు, పది మంది పది రకాలుగా చెప్తారు. పెద్ద కెమెరా ఉంటే కావాలని ఒకరు, డబ్బులు తీసుకునే ఫోటోగ్రాఫర్ వస్తే కావాలని ఇంకొకరు, "ఎవరూ అడగరు, వెళ్లిపోండి" అని మూడో ఆయన. మొదటి రెండూ పాతబడిపోయిన మాటలు. మూడోది రేంజర్ ఎదురుపడేదాకా బాగానే ఉంటుంది.

అసలు ఈ గందరగోళం ఎక్కడిదంటే, రూల్ ఈ మధ్యే మారింది. 2000లో వచ్చిన చట్టం ప్రకారం డబ్బు సంపాదించే ఉద్దేశంతో వీడియో తీస్తే పర్మిట్ తీసుకోవాలి, ఫీజు కట్టాలి. అంటే ఫోన్ పట్టుకుని ఒక్కడే నడుచుకుంటూ వెళ్లే యూట్యూబర్ కూడా, ఆ వీడియో మీద యాడ్స్ వస్తే చాలు, కాగితం ప్రకారం దొంగే. వర్జీనియాలో యార్క్‌టౌన్ దగ్గర పార్కు స్థలంలో కొన్ని సీన్లు తీసుకున్న ఒక చిన్న సినిమా దర్శకుడికి జరిమానా టికెట్ రాశారు. ఆయన కోర్టుకెక్కాడు. 2021లో కింది కోర్టు ఆయన వైపు తీర్పిచ్చింది, 2022లో అప్పీల్ కోర్టు దాన్ని తిప్పేసింది. చివరికి కాంగ్రెస్సే, అంటే అమెరికా పార్లమెంటే, చట్టం మార్చింది. ఎక్స్‌ప్లోర్ యాక్ట్ అంటారు, 2025 జనవరి 4న సంతకమైంది. ఇప్పుడు మీకు డబ్బు వస్తుందా రాదా అన్నది ఎవరికీ అక్కర్లేదు. ఎంతమంది వస్తున్నారు, ఏం మోసుకొస్తున్నారు, ఎక్కడ తీస్తున్నారు, పక్కవాళ్లని ఇబ్బంది పెడుతున్నారా, అంతే.

కాస్త వివరంగా చెప్తాను. ఫోటోలైనా వీడియో అయినా ఆడియో అయినా, మొత్తం ఐదుగురికి మించకుండా ఉండి, అందరికీ తెరిచి ఉన్న చోటే తీస్తూ, చేత్తో మోసుకెళ్లగలిగిన సామాను మాత్రమే వాడుతూ, ఆ చోటు మాకే కావాలని అడగకుండా, అక్కడి చెట్టుకీ రాయికీ జంతువుకీ తోటి సందర్శకులకీ ఇబ్బంది కలిగించకుండా, పార్కు వాళ్లకి మీ వల్ల అదనపు పనీ ఖర్చూ పెట్టకుండా ఉంటే, పర్మిట్ అక్కర్లేదు, ఫీజూ లేదు. వీటిలో ఒక్కటి తప్పినా పార్కు ఆఫీసుని అడగాల్సిందే.

మనవాళ్లు ఎక్కువగా తప్పేది ఆ ఐదుగురి దగ్గరే. మొత్తం అంటే కెమెరా ముందున్నవాళ్లూ వెనకున్నవాళ్లూ కలిపి. అమ్మాయి, అబ్బాయి, ఫోటోగ్రాఫర్, వీడియో తీసేవాడు, లైటు పట్టుకునేవాడు, అక్కడికే ఐదు నిండింది. ఇంకా మేకప్ ఆవిడ ఉంది, రెండో చీర సంచి పట్టుకున్న పిన్ని ఉంది, గాలికి పల్లూ ఎగరేసే తమ్ముడు ఉన్నాడు. మా చుట్టాలమ్మాయి హాఫ్ శారీ షూట్‌కి ఫోటోగ్రాఫర్ ముందే చెప్పాడు, ఐదుగురు దాటొద్దండీ అని. తీరా పార్కింగ్‌లో దిగి లెక్కపెడితే పదకొండు మందిమి. రేంజర్ వచ్చి మర్యాదగానే అడిగింది, మేమూ మర్యాదగానే నీళ్లు నమిలాం. చివరికి అమ్మాయి, వాళ్లమ్మ, ఫోటోగ్రాఫర్, అసిస్టెంటు నలుగురే పైకి వెళ్తే, మిగతా బలగమంతా కార్ల దగ్గర పులిహోర తింటూ కూర్చున్నాం.

అలాగని పది మంది కుటుంబంతో పార్కు చూడ్డానికి వెళ్లి ఫోటోలు దిగడానికి భయపడక్కర్లేదు. అది సందర్శన. పార్కులో అనుమతి ఉన్న పనిని కేవలం కెమెరాలో పట్టుకుంటున్నప్పుడు గుంపు ఎంతున్నా, కెమెరా ఏదైనా, దానికి వేరే పర్మిట్ ఉండదు. బట్టలు మార్చుకుంటూ, లైట్లు పెట్టుకుంటూ, ఫోటోల కోసమే వచ్చిన గుంపయితే మాత్రం తల లెక్క మొదలవుతుంది.

సామాను విషయానికొస్తే ట్రైపాడ్, మోనోపాడ్, చేతిలో పట్టుకునే లైటు, ఇవన్నీ చేతి సామాను కిందే లెక్క, వాటికి అభ్యంతరం లేదు. సోఫా, ఊయల, పూల కమాను, జనరేటరు, కెమెరా పట్టాలు తెచ్చారంటే అది సెట్టు, పర్మిట్ పని. ఇంకొకటి, "కొంచెం పక్కకి జరుగుతారా, షాట్‌లో పడుతున్నారు" అని పదే పదే జనాన్ని ఆపడం మొదలుపెడితే మీరు ఇద్దరే ఉన్నా సరే రూల్ దాటినట్టే. రంగుల పొగ వచ్చే స్మోక్ బాంబులు ఇప్పుడు షూట్లలో ఫ్యాషన్ అయిపోయాయి కదా, ఫోటోగ్రాఫర్ బ్యాగులో అవి ఉన్నాయేమో ముందే అడిగి ఇంట్లో పెట్టించండి. పార్కుల్లో బాణసంచా నిషేధం, ఎండిన గడ్డి మీద నిప్పు రవ్వ పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

దరఖాస్తుకి ముందు ఒక చిన్న పని ఉంది, దీన్ని వదిలేసి తర్వాత తలపట్టుకునేవాళ్లు చాలామంది. మీరు వెళ్లే చోటు అసలు ఎవరిదో చూసుకోండి. అందమైన ప్రతి కొండా నేషనల్ పార్కు కాదు. మాన్యుమెంట్ వ్యాలీ నవాహో తెగ వాళ్ల పార్కు, అక్కడ అనుమతి నవాహో నేషన్ దగ్గర తీసుకోవాలి. యాంటిలోప్ క్యాన్యన్ కూడా వాళ్లదే. సెడోనా ఎర్ర కొండల్లో ఎక్కువ భాగం ఫారెస్ట్ సర్వీస్ కింద ఉంది. డెడ్ హార్స్ పాయింట్ యూటా రాష్ట్రం పార్కు. హార్స్‌షూ బెండ్ చూస్తే గ్లెన్ క్యాన్యన్ రిక్రియేషన్ ఏరియాలోది, అంటే నేషనల్ పార్క్ సర్వీసే, పార్కింగ్ మాత్రం పేజ్ అనే ఊరి మున్సిపాలిటీది. ఒకరి పర్మిట్ ఇంకొకరి దగ్గర చెల్లదు.

చోటు పార్క్ సర్వీస్‌దే అని తేలాక ఆ పార్కు వెబ్‌సైటులో రెండు పేజీలు చదవాలి. ఒకటి పర్మిట్ల పేజీ. రెండోది సూపరింటెండెంట్స్ కంపెండియం. పేరు చూసి ఏదో ఉద్గ్రంథం అనుకుని మూసేస్తారు గానీ అసలు సరుకంతా అందులోనే ఉంటుంది. దేశం మొత్తానికి ఉన్న రూల్స్ మీద, ఆ పార్కు అధికారి తన పార్కు కోసం పెట్టిన స్థానిక రూల్స్ అవి. ఏ ట్రయల్ ఎప్పుడు మూస్తారు, ఏ చోట గుంపులు కుదరవు, రాత్రిపూట రాళ్ల మీద లైట్లు వేసి ఫోటోలు తీయొచ్చా లేదా (కొన్ని పార్కుల్లో అస్సలు కుదరదు), ఇలాంటివన్నీ. ఫైల్ తెరిచి ఫోటోగ్రఫీ, వెడ్డింగ్ అనే మాటలు వెతుక్కుంటే పావుగంట పని.

తర్వాత ఫారం నింపేముందే పర్మిట్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టండి. ఇది నా సొంత అభిప్రాయం, కానీ గట్టి అభిప్రాయం. ఫారంతో పాటు కట్టే దరఖాస్తు ఫీజు తిరిగి రాదు. "మీకు అసలు పర్మిట్టే అక్కర్లేదు" అనే జవాబు కోసం డబ్బులు కట్టడం ఎందుకు? ఆ ఈమెయిల్లో మన కథంతా రాయొద్దు. తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటిదాకా, కచ్చితంగా ఏ చోటు (పార్కు పేరు కాదు, వ్యూ పాయింట్ పేరు), ఎంతమంది, ఎన్ని కార్లు, ఏమేం సామాను, అక్కడ ఏం చేస్తారు, ఆ చోటు దొరక్కపోతే రెండో ఛాయిస్ ఏంటి. పది లైన్లు చాలు. సంఖ్య తగ్గించి రాయడం మాత్రం వద్దు, ఎనిమిది మందికి పర్మిట్ తీసుకుని పదిహేను మంది దిగితే పర్మిట్ లేనట్టే లెక్క. జవాబు వస్తే దాన్ని దాచుకోండి, అక్కర్లేదన్న జవాబైనా సరే.

పర్మిట్ కావాలని తేలితే ఫారాలు ఇవీ: పెళ్లిళ్లు, ఫంక్షన్లు లాంటి వాటికి 10-930. వీడియో, ఫోటో షూట్లకి చిన్నదైతే 10-931, పెద్ద యూనిట్ అయితే 10-932. ఫీజు చాలా పార్కుల్లో పే డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో కట్టొచ్చు. ఎంతన్నది పార్కుని బట్టి మారుతుంది, ఒక పార్కు ఫీజు చూసి ఇంకో పార్కుకి బడ్జెట్ వేసుకోకండి. టైము కూడా అంతే, చిన్న పనికి కొన్ని చోట్ల రెండు వారాల్లో తేల్చేస్తారు, వేసవి సీజన్లో పెద్ద పేరున్న పార్కుల్లో నెల దాటినా ఆశ్చర్యం లేదు. పెళ్లికైతే తేదీ ఖాయమైన రోజే అడగండి. ముహూర్తం మనం పెట్టుకుంటాం గానీ స్లాట్ వాళ్లు ఇస్తారు.

దరఖాస్తు ఫీజుతో ఖర్చు అయిపోదు. మీ షూట్ దగ్గర ఒక ఉద్యోగి నిలబడి చూడాలని వాళ్లు అనుకుంటే ఆ గంటల ఖర్చు కూడా మీదే. షూటింగ్‌కి లొకేషన్ ఫీజు వేరే. చాలా ఏళ్లుగా ఉన్న పట్టిక ప్రకారం వీడియో యూనిట్‌లో పది మంది వరకు రోజుకి 150 డాలర్లు, 11 నుంచి 30 మంది వరకు 250, 49 వరకు 500, యాభై దాటితే 750. ఫోటోలకి తక్కువ, పది మంది వరకు రోజుకి 50 డాలర్లు. మీ పార్కు ఇప్పుడు ఎంత తీసుకుంటోందో ఆ ఈమెయిల్లోనే అడిగేయండి. ఆపైన ఇన్సూరెన్స్. షూటింగ్ పర్మిట్‌కి మామూలుగా పది లక్షల డాలర్ల లయబిలిటీ పాలసీ అడుగుతారు, అందులో అమెరికా ప్రభుత్వానికి కూడా బీమా వర్తించేలా దాని పేరు చేర్పించాలి (అడిషనల్ ఇన్‌ష్యూర్డ్ అంటారు). అంకె చూసి కంగారుపడొద్దు, ఫుల్‌టైమ్ ఫోటోగ్రాఫర్లలో చాలామందికి ఈ పాలసీ ముందే ఉంటుంది, లేకపోతే ఒక్కరోజు పాలసీలూ అమ్ముతారు. ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడుకునేటప్పుడే సర్టిఫికెట్ ఇవ్వగలడా అని అడగండి. ఇవ్వలేనని నసిగాడంటే ఇంకొకరిని చూసుకోవడం మేలు.

ఇక పెళ్లిళ్లు. ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే తెల్లవాళ్ల పెళ్లికీ మన పెళ్లికీ సామానులోనే బోలెడు తేడా. వాళ్లు ఇరవై మంది వచ్చి అరగంటలో ఉంగరాలు మార్చుకుని వెళ్లిపోతారు, పర్మిట్ షరతులన్నీ ఆ లెక్కకే రాసి ఉంటాయి. చాలా పార్కుల షరతుల్లో బియ్యం, పూల రేకులు చల్లకూడదని ఉంటుంది. అంటే అక్షతలూ తలంబ్రాలూ రెండూ పోయినట్టే. బియ్యం పక్షులకీ జంతువులకీ అలవాటవుతుందని వాళ్ల బాధ. హోమం సంగతి ఇంకా కష్టం, పార్కుల్లో మంట పెట్టేది వాళ్లు కేటాయించిన గ్రిల్లుల్లో, పొయ్యిల్లోనే, మంటల నిషేధం ఉన్న నెలల్లో అదీ లేదు. కర్పూర హారతి కూడా నిప్పే కదా, అడగకుండా వెలిగించకండి. సన్నాయి, డోలు పెట్టాలంటే శబ్దం మీద ఒక హద్దుంది, యాభై అడుగుల దూరంలో కొలిస్తే 60 డెసిబెల్స్ దాటకూడదు. డోలు వాయించేవాడు తాళం మొదలుపెట్టకముందే అది దాటిపోతుంది. మైకు, బెలూన్లు, పెద్ద టెంటు కూడా ఎక్కువ చోట్ల ఒప్పుకోరు. పూలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి. పార్కులో ఒక్క పువ్వు కోసినా, ఒక రాయి జేబులో వేసుకున్నా, నేల మీద పడున్న పక్షి ఈక తీసుకున్నా నేరమే.

అందుకే నేను చూసినంతలో బాగా కుదిరిన పద్ధతి ఒకటుంది. అసలు పెళ్లి గుడిలోనో హాల్లోనో శాస్త్రోక్తంగా చేసుకుని, పార్కులో దండలు మార్చుకోవడమో, పెద్దవాళ్ల ఆశీర్వాదమో అంతవరకే పెట్టుకుంటున్నారు. పర్మిట్ తేలిక, పెద్దవాళ్లకి మోకాళ్ల నొప్పులూ ఉండవు. పెళ్లికి పర్మిట్ ఉంటే దాన్ని తీసే ఫోటోగ్రాఫర్‌కి మళ్లీ వేరే పర్మిట్ అడగరు, అది మాత్రం నిశ్చింత.

గుంపుగా ఏదైనా కార్యక్రమం పెట్టాలన్నా ఇదే 10-930 దారి. వాషింగ్టన్‌లోని నేషనల్ మాల్ (షాపింగ్ మాల్ కాదు, స్మారకాల మధ్య ఉన్న పెద్ద మైదానం) కూడా పార్క్ సర్వీస్ కిందిదే. అక్కడ బతుకమ్మ ఆడాలన్నా, స్టేజీ వేసి డాన్సులు పెట్టాలన్నా పర్మిట్ ముందుగా చూసుకోవాలి, దానికి సొంత రూల్స్ వేరే ఉన్నాయి. నిరసనలు, అభిప్రాయం చెప్పే సభలు మాత్రం వేరే కోవ, కేటాయించిన చోట 25 మంది వరకు పర్మిట్ లేకుండానే నిలబడొచ్చు.

డ్రోన్ గురించి ఒక్క మాటే. వద్దు. 2014 నుంచి నేషనల్ పార్కుల్లో డ్రోన్ ఎగరేయడం, దింపడం, నడపడం అన్నీ నిషేధమే. ఐదుగురి రూలు దీనికి వర్తించదు, ఫోటోగ్రాఫర్ దగ్గర విమానయాన శాఖ (ఎఫ్ఏఏ) ఇచ్చిన డ్రోన్ లైసెన్స్ ఉన్నా అంతే. దొరికితే అయిదు వేల డాలర్ల వరకు జరిమానా, ఆరు నెలల దాకా జైలు. వీసా మీద ఉన్నవాళ్లు ఒక్క పదిహేను సెకన్ల షాట్ కోసం ఆ రిస్కు ఎందుకు తీసుకుంటారో నాకు అర్థం కాదు.

జంతువుల దగ్గర రూల్ అందరికీ ఒకటే, పర్మిట్ ఉన్నా లేకపోయినా. ఎల్లోస్టోన్‌లో ఎలుగుబంటికీ తోడేలుకీ 100 గజాల దూరం, బైసన్ అనే అడవి దున్నకీ ఎల్క్ అనే పెద్ద జింకకీ 25 గజాలు. గేదెలా నెమ్మదిగా కనిపిస్తుందని బైసన్ పక్కన నిలబడి ఫోటో దిగేవాళ్లని చూస్తే గుండె ఆగిపోతుంది, అది మన గేదె కాదు, మనిషి కంటే చాలా వేగంగా పరుగెడుతుంది. అలాగే నీళ్లు కనిపించగానే చిల్లర వేసి దణ్ణం పెట్టుకునే అలవాటు మనకుంది. వేడినీటి బుగ్గల్లో అలా చేయకండి. జనం వేసిన నాణేలూ చెత్తా పడి నీటి దారులు పూడుకుపోయి, మార్నింగ్ గ్లోరీ అనే బుగ్గ రంగే మారిపోయింది.

ఇంకో విషయం, అడగడానికి మొహమాటపడతారు కాబట్టి నేనే చెప్తాను. చితాభస్మం కలపడానికి చాలామంది నది కోసం వెతుకుతారు. నేషనల్ పార్కులో పర్మిట్ లేకుండా, లేదా వాళ్లు కేటాయించిన చోటు కాకుండా కలపకూడదు. పర్మిట్ పెద్ద కష్టం కాదు, చాలా చోట్ల ఒక ఉత్తరం రూపంలో ఇస్తారు. షరతులు మాత్రం చదువుకోండి: సాధారణంగా ట్రయల్స్‌కీ రోడ్లకీ నీళ్లకీ దూరంగా చల్లమంటారు, గుర్తుగా రాయి గానీ దండ గానీ కలశం గానీ వదలకూడదు. నీళ్లలోనే కలపాలన్న పట్టింపు ఇంట్లో ఉంటే సముద్రమే మంచి దారి. తీరం నుంచి మూడు నాటికల్ మైళ్లు దాటాక కలిపి, 30 రోజుల్లోగా ఈపీఏకి (అమెరికా పర్యావరణ సంస్థ) తెలియజేస్తే సరిపోతుంది. పడవ మాట్లాడుకునేటప్పుడు పడవ వాళ్లే అదంతా చూస్తారేమో కనుక్కోండి.

ఫోటోగ్రఫీ వర్క్‌షాప్ పెట్టి ఒక్కొక్కరి దగ్గర డబ్బులు తీసుకుని పార్కుకి తీసుకెళ్తే, లేదా వ్యానులో టూర్లు నడిపితే, అది ఐదుగురి రూలు కిందికి రాదు. కమర్షియల్ యూజ్ ఆథరైజేషన్ అనే వేరే అనుమతి కావాలి. హెచ్1బీ, ఎఫ్1 మీద ఉండి పక్కన ఫోటోగ్రఫీ చేసి డబ్బులు తీసుకుందాం అనుకునేవాళ్లకి ఇంకో మాట. పార్కు పర్మిట్ వేరు, పని చేసే హక్కు వేరు. పార్కు వాళ్లు అక్కర్లేదన్నంత మాత్రాన ఇమిగ్రేషన్ వాళ్లు సరేనన్నట్టు కాదు, డబ్బు ముట్టుకునే ముందు లాయర్‌తో మాట్లాడండి. ఇండియా నుంచి యూనిట్‌ని రప్పించి పాట తీద్దామనుకునేవాళ్లకీ ఇదే, టూరిస్టు వీసా మీద వచ్చి సినిమా షూటింగ్ చేయడం కుదరదు.

షూట్ పర్మిట్ చేతిలో ఉన్నా ట్రయల్ పర్మిట్లు విడిగా ఉంటాయని మర్చిపోతుంటారు. యోసెమిటీలో హాఫ్ డోమ్ కొండకి కేబుల్స్ పట్టుకుని ఎక్కాలంటే లాటరీ వేసుకోవాలి, ముఖ్యమైన లాటరీ మార్చి నెలలో, రోజుకి 300 మందికే. జయన్ పార్కులో ఏంజెల్స్ ల్యాండింగ్ అనే ట్రయల్‌కి 2022 ఏప్రిల్ నుంచి లాటరీ ఉంది. హవాయిలో హలేయాకలా మీద సూర్యోదయం చూడాలంటే కారుకి ముందే బుకింగ్ చేసుకోవాలి. ఇవన్నీ రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైటులో. గేటు దగ్గర ప్రవేశ టికెట్ మళ్లీ వేరు.

అంతా సవ్యంగా జరిగి పర్మిట్ వచ్చాక ఒక్కసారి పూర్తిగా చదివి, ఫోటోగ్రాఫర్‌కీ ఒక కాపీ పంపి, సంతకాలున్న పేజీలతో సహా ప్రింటు తీసి కారులో పెట్టుకోండి. ఫోన్లో ఉంది కదా అనుకుంటే, సగం పార్కుల్లో సిగ్నలే ఉండదు.